పాత ఉత్తరాలను దిద్దవద్దు, పారవేయవద్దు

గౌరవనీయులైన సంపాదకులు గారికి నమస్కారాలు.

ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. పల్లెల్లో అంతంతమాత్రం చదువుకున్నవారి రాతల్లో తప్పులే తప్ప భాష కనబడదని, 'సేప', 'వత్తాను' వంటి మాటలు తెలుగుకు పట్టిన తెగులని, వెనకటి తెలుగు ఎలా ఉండేదో తెలుసుకోవడానికి కావ్యాలు, శాసనాలు చాలునని వ్యాసకర్త రాశారు. జనం నోట మెలిగే భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజున ఆ మాటలు చదవవలసి రావడం నాకు బాధ కలిగించింది. వ్యాసకర్త పాండిత్యం పట్ల నాకు గౌరవం ఉంది. అయినా ఈ విషయంలో ఆయన పొరబడ్డారని, ఆ పొరపాటు వల్ల మన ఇళ్ళలో మిగిలిన ఒక సంపద మన చేతులతోనే పొయ్యిలోకి పోతోందని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను కోనసీమలో ఒక పల్లె బ్రాంచి పోస్టాఫీసులో ముప్పై నాలుగేళ్ళు పోస్ట్‌మాస్టరుగా పనిచేసి 2014లో విరమించాను. మా ఊరి నుంచి, చుట్టుపక్కల లంకల నుంచి ఆడవాళ్ళు కువైట్‌కు, మస్కట్‌కు, దుబాయ్‌కు ఇళ్ళలో పనికి వెళ్ళడం నా కళ్ళ ముందే పెరిగింది. చదువురాని తల్లులకు కూతుళ్ళ ఉత్తరాలు చదివి వినిపించిందీ, వాళ్ళు చెబుతూ ఉంటే జవాబులు రాసి పెట్టిందీ నేనే. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద దండెత్తి ఉత్తరాల రాక ఆగిపోయినప్పుడు, రోజూ పోస్టు సంచి వచ్చే వేళకు అరుగు మీద వచ్చి కూర్చున్న తల్లుల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. అందుచేత ఉత్తరం అంటే ఏమిటో, దానిలో ఎవరి మాట ఎంత ఉంటుందో నాకు కొంత తెలుసు.

మా మేనకోడలు హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ చదువుతోంది. ఒక భాషలో మాటలు, ఉచ్చారణలు, మర్యాదలు శతాబ్దాల మీద ఎలా మారాయో, ఆ మార్పును సమాజంలో ముందు ఎవరు మొదలుపెట్టారో, ఎవరు అందుకున్నారో, ఎవరు అడ్డుపడ్డారో పరిశీలించే శాస్త్రాన్ని చారిత్రక సామాజిక భాషాశాస్త్రం అంటారట. వేసవి సెలవులకు వచ్చినప్పుడు ఆ పాఠాల సంగతులు చెబుతూ, "మావయ్యా, నువ్వు పోస్టాఫీసులో చేసిన పనే నాలుగు వందల ఏళ్ళ కిందట స్పెయిన్ వాళ్ళకు కూడా ఎవరో ఒకరు చేసి పెట్టేవారు" అంది. ఆ తరువాత ఆమె చెప్పినదంతా నేను శ్రద్ధగా విని, నోట్సు రాసుకున్నాను.

స్పెయిన్ నుంచి అమెరికా ఖండానికి వలస వెళ్ళాలంటే ఆ రోజుల్లో రాజుగారి అనుమతి కావాలి. ఆ వలసల, వర్తకపు వ్యవహారాలు చూడటానికి 1503లోనే సెవిల్ నగరంలో ఒక ప్రభుత్వ కార్యాలయం వెలిసింది. మెక్సికోలోనో పెరూలోనో స్థిరపడిన దర్జీ, నేతగాడు, చిన్న వర్తకుడు భార్యకు, తమ్ముడికి, మేనల్లుడికి "నీవు కూడా రా" అని ఉత్తరం రాసేవాడు. అక్కడ తనను పిలిచే మనిషి ఉన్నాడని రుజువు చూపడానికి ఆ భార్యో తమ్ముడో ఆ ఉత్తరాన్ని దరఖాస్తుకు జతచేసేవారు. దరఖాస్తులు ప్రభుత్వ దస్తావేజులు కాబట్టి వాటితోపాటు ఉత్తరాలు కూడా సెవిల్‌లోని ఇండీస్ (అంటే నాటి అమెరికా వలసరాజ్యాల) దస్తావేజుల భాండాగారంలో మిగిలిపోయాయి. ఎన్రికె ఒట్టె అనే చరిత్రకారుడు 1540 నుంచి 1616 వరకు రాసిన అటువంటి సొంత ఉత్తరాలను ఆరు వందల యాభై దాకా వెలికితీసి 1988లో అచ్చువేశారు. భాష కోసం దాచిన ఉత్తరాలు కావవి. అనుమతి కోసం దాఖలు చేసిన కాగితాలు. అయినా ఆనాటి స్పానిష్ సామాన్యుల నోట ఎలా ఉండేదో చెప్పడానికి గొప్ప రచయితల గ్రంథాలకు అందనిది ఆ ఉత్తరాలకు అందింది.

ఎందుకు అందిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణను కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే వ్యాసకర్త తెగులు అన్న 'సేప'కూ దీనికీ దగ్గర పోలిక ఉంది.

పాత స్పానిష్‌లో 'స' ధ్వని ఒకటి, మన కోస్తా వాళ్ళు 'చాప' అన్నప్పుడు పలికే దంత్య చకారానికి దగ్గరగా ఉండే ధ్వని మరొకటి, రెండూ విడివిడిగా ఉండేవి. ఇంటికీ వేటకూ పేర్లు ఆ ఒక్క ధ్వనితోనే వేరుపడేవి. పదహారో శతాబ్దం నాటికి సెవిల్ పరిసరాల్లో ఆ రెండూ కలిసిపోయాయి. ఉత్తరాన, మాడ్రిడ్ వైపు కలవలేదు. అక్కడ రెండోది నాలుకను పళ్ళ మధ్య పెట్టి పలికే 'థ' వంటి ధ్వనిగా మారింది. అందువల్ల నేటికీ మాడ్రిడ్‌లో ఇల్లు 'కాసా', వేట 'కాథా'. మెక్సికోలో, లీమాలో, బ్యూనస్ ఐరిస్‌లో రెండూ 'కాసా'లే. నత్తి ఉన్న ఒక రాజుగారిని అనుకరించడం వల్ల స్పెయిన్‌లో 'థ' వచ్చిందని ఒక కట్టుకథ ప్రచారంలో ఉందట. రాజుగారి నత్తిని అనుకరించి ఉంటే 'కాసా' కూడా 'కాథా' అయి ఉండాలి కదా అని మా మేనకోడలు అడిగిన ప్రశ్నకు తిరుగులేదు.

మరి రెండు ధ్వనులు కలిసిపోయాయని, ఫలానా కాలంలో ఫలానావారి నోట కలిసిపోయాయని పరిశోధకులకు ఎలా తెలుస్తుంది? పండితుడు రాసిన పుస్తకంలో అక్షరాలు సక్రమంగానే ఉంటాయి. నోట భేదం పోయినా చదువు ఆ భేదాన్ని కాగితం మీద నిలబెడుతుంది. చదువు తక్కువైన మనిషి ఉత్తరం రాసేటప్పుడు మాత్రం ఒక అక్షరం రాయవలసిన చోట మరొకటి రాస్తాడు, కొన్నిసార్లు అటుదిటు, ఇటుదటు చేస్తాడు. ఆ తప్పే సాక్ష్యం. ఆ తప్పు రాసినవాడు ఏ ఊరివాడు, ఏ వృత్తివాడు, మగా ఆడా, ఏ సంవత్సరం, ఎవరికి రాశాడు అన్న వివరాలు కూడా ఉత్తరంలోనే ఉంటాయి కాబట్టి మార్పు ఏ ఊళ్ళో పుట్టి ఎటు పాకిందో గుర్తుపట్టడానికి వీలవుతుంది. మన వైపు 'చేప'ను 'సేప' అని, 'చెప్పాడు'ను 'సెప్పాడు' అని పలికే నోరు రాతకు దిగితే మిగిల్చేది కూడా సరిగ్గా ఇటువంటి సాక్ష్యమే.

అమెరికా స్పానిష్‌లో సెవిల్ వైపు ఉచ్చారణే స్థిరపడటానికి కారణం కూడా లెక్కల్లో ఉంది. పీటర్ బాయిడ్ బౌమన్ అనే పండితుడు వలస వెళ్ళినవారి పేర్లు, సొంత ఊళ్ళు ఏళ్ళ తరబడి పోగుచేశారు. 1493 నుంచి 1519 వరకు వెళ్ళినవారిలో నూటికి దాదాపు నలభై మంది సెవిల్ ఉన్న ఆండలూసియా ప్రాంతంవారని, ఆడవారిలోనైతే మూడింట రెండు వంతులు వారేనని ఆయన లెక్కతేల్చారు. పిల్లలకు మాట నేర్పేది తల్లులే కనుక ఈ రెండో అంకె మొదటిదానికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. రకరకాల ఊళ్ళ జనం ఒక కొత్త చోట కలిసి బతికితే వారి యాసలు ఒరుసుకుని, భేదాలు అరిగి, పిల్లల తరానికి ఒక కొత్త ఉమ్మడి మాట తయారవుతుంది. స్పెయిన్‌లోనే 1085లో టొలీడో, 1248లో సెవిల్ క్రైస్తవ రాజుల వశమైన తరువాత అక్కడ స్థిరపడిన జనంలో ఇదే జరిగిందని ఈ శాస్త్రజ్ఞులు వివరిస్తారు. తుంగభద్ర ఆనకట్ట కట్టిన తరువాత మన గోదావరి, కృష్ణా జిల్లాల రైతులు గంగావతి, సింధనూరు వైపు క్యాంపులు వేసుకుని వెళ్ళారు. మా పెద్దనాన్న గారి కుటుంబం అలా వెళ్ళినదే. అక్కడ పుట్టిన పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళ మాట మా మాటలా ఉండదు, పూర్తిగా కృష్ణా వైపు మాటలానూ ఉండదు. ఆ క్యాంపుల నుంచి మొదటి తరంవారు ఇళ్ళకు రాసిన ఉత్తరాలు ఎవరి దగ్గరైనా ఉంటే అవి ఎంత విలువైనవో ఆలోచించండి.

ఇక మర్యాద మాటల సంగతి. ఈ ఒక్క విషయంలో స్పానిష్ కథ మన గోదావరి జిల్లాలవారికి మరీ దగ్గరగా తోస్తుంది, ఎందుకంటే పలకరింపులో మర్యాదకు మనం ఇచ్చే విలువ అందరికీ తెలిసినదే. మధ్యయుగపు స్పానిష్‌లో చనువుకు 'తూ', గౌరవానికి 'వోస్' అనేవారు. కాలం గడిచేకొద్దీ 'వోస్' అందరి నోటా నలిగి, గౌరవం తరిగి, చివరికి సేవకులను పిలిచే మాటగా దిగిపోయింది. పదహారో శతాబ్దంలో సాటివాడిని 'వోస్' అంటే అవమానంగా భావించేవారు. అప్పుడు గౌరవం కోసం 'తమ దయ' అని అర్థం వచ్చే 'వుయెస్త్ర మెర్సెద్' అనే పిలుపు వాడుకలోకి వచ్చి, రోజువారీ మాటల్లో అరిగి, అనేక రూపాలు పొంది, పదిహేడో శతాబ్దంలో 'ఉస్తెద్'గా స్థిరపడింది. ఎవరిని ఏ బిరుదుతో పిలవాలన్న పోటీ ఎంతగా ముదిరిందంటే 1586లో రెండవ ఫిలిప్ రాజు పిలుపుల మీద ఒక శాసనమే చేయవలసి వచ్చింది. వైస్రాయిల దర్బారులు ఉన్న మెక్సికో, లీమా నగరాలు స్పెయిన్ ఫ్యాషన్‌ను అనుసరించి 'వోస్'ను వదిలేశాయి. దర్బారుకు దూరంగా ఉన్న బ్యూనస్ ఐరిస్ వైపు, మధ్య అమెరికాలో చాలా చోట్ల అది నిలిచిపోయింది. ఒకనాడు పెద్దలకు చెల్లిన ఆ మాటతో నేడు అక్కడి తల్లి తన బిడ్డను పిలుచుకుంటుంది.

మన కావ్యాల్లో రాజునైనా దేవుడినైనా 'నీవు' అనే సంబోధిస్తారు. ఒక్కరిని 'మీరు' అనడం, 'తమరు' అనడం తరువాత వచ్చిన మర్యాదలు. అవి ఎప్పుడు, ఎవరి మధ్య, ఎవరి ఒత్తిడి వల్ల వచ్చాయో కావ్యాలు మాత్రమే చదివితే తెలియదు. నా ఉద్యోగ కాలంలోనే నేను చూసిన ఒక సంగతి చెబుతాను. మా ఊళ్ళో ఒక కమతంలో పాలికాపుగా పనిచేసిన మనిషిని భూస్వామి జీవితాంతం 'ఒరే' అనే పిలిచారు. ఆ మనిషి ఆయనను 'తమరు' అని తప్ప మరో మాట అనలేదు. ఆ పాలికాపు కుమారుడు చదువుకుని బడిపంతులయ్యాక, అదే భూస్వామి తన మనుమడి చదువు విషయమై ఆ కుర్రవాడికి రాసిన కార్డు నా చేతుల మీదుగా వెళ్ళింది. కార్డు మడవడానికి ఉండదు కనుక పైమాట కళ్ళబడింది. 'మాస్టారు గారికి నమస్కారములు' అని ఉంది. తండ్రికి ఒక పిలుపు, కొడుక్కి మరొకటి, పిలిచిన మనిషి మాత్రం ఒక్కరే. ఒక ఊరి చరిత్రలో జరిగిన మార్పు ఆ ఒక్క కార్డులో ఉంది. అది ఇప్పుడు ఎక్కడ ఉందో, అసలు ఉందో లేదో!

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. నా దగ్గరికి వచ్చిన తల్లులు "అమ్మాయీ, సేపల కూర ఒండితే నువ్వే గుర్తొత్తన్నావే" అని చెబితే, నేను "చేపల కూర వండినప్పుడల్లా నీవే జ్ఞాపకమునకు వచ్చుచున్నావు" అని రాశాను. మొదట 'చి.సౌ. కుమార్తెను ఆశీర్వదించి వ్రాయునది', 'ఇచ్చట మేమందరము క్షేమము' అని, చివర 'ఇంతే సంగతులు' అని చేర్చాను. అది మర్యాద అనుకున్నాను. చక్కగా రాసిపెట్టాననే అనుకున్నాను. అమ్మ గొంతు వినాలని ఎదురుచూసిన కూతురికి పోస్ట్‌మాస్టరు తెలుగు చేరింది. స్పానిష్ ఉత్తరాలను పరిశోధించేవారికి కూడా ఇదే చిక్కట. చాలామంది లేఖకుల చేత రాయించుకునేవారు కనుక, మొదటా చివరా వచ్చే వాడుక వాక్యాలు లేఖకుడివి, మధ్యలో ఇంటి సంగతులు వచ్చే చోట చెప్పినవారి మాట బయటపడుతుంది అని వారు వేరుచేసి చదువుతారు. దస్తూరీ ఎవరిదో, సంతకం ఎవరిదో పోల్చి చూస్తారు. నేను రాసిన ఉత్తరాల్లో ఆ మధ్యభాగాన్ని కూడా నేనే తుడిచివేశాను.

కొందరు మాత్రం నా అవసరం లేకుండా రాసుకున్నారు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుని, కువైట్ వెళ్ళిన తరువాత ఇంటికి తన చేత్తో రాసిన ఒకామె ఉత్తరాలు నేను ఆమె తల్లికి చదివి వినిపించాను. 'ఎల్లాను', 'ఇన్నాను', 'పల్లు', 'దైర్యం' అని ఉండేవి. ఆ రాతలో వకారం ఎక్కడ పోయిందో, ళకారం లకారంగా ఎక్కడ మారిందో, ఒత్తు ఎక్కడ జారిందో, అన్నీ ఆమె పలికినట్టే కాగితం మీద ఉన్నాయి. అంతకన్నా ఆసక్తికరమైనది మరొకటి ఉంది. రెండేళ్ళు గడిచేసరికి ఆమె తోటి పనివాళ్ళు కడప, రాజంపేట వైపు వారు కావడం వల్ల మా వైపు వినని మాటలు ఆమె ఉత్తరాల్లో అక్కడక్కడ కనబడసాగాయి. వ్యాసకర్త వీటిని తప్పులు అంటారు. పదహారో శతాబ్దంలో ఆవిలా నగరపు సన్న్యాసిని తెరేసా కూడా చర్చిని 'ఇగ్లేసియా' అనకుండా 'ఇలేసియా' అని, 'ఎవరూ' అనే అర్థంలో 'నాదియే' రాయవలసిన చోట 'నాయిదే' అని రాసింది. ఆమె రాతలను స్పానిష్ భాషా చరిత్రకారులు నేటికీ జాగ్రత్తగా చదువుతున్నారు. నేడు స్పెయిన్‌లో చాలామంది పలకని, పదం మొదట వచ్చే హకారం సంగతి కూడా అంతే. లాటిన్ ఫకారం స్పెయిన్‌లోని కాస్తీల్ ప్రాంతపు పల్లెవాసుల నోట హకారమై, తరువాత అదీ జారిపోయింది. 1561లో రెండవ ఫిలిప్ మాడ్రిడ్‌ను రాజధాని చేసిన తరువాత ఉత్తరాది నుంచి వచ్చి చేరినవారి పలుకుబడే రాజధాని పలుకుబడి అయింది. అంతకుముందు టొలీడో నాగరికులు మోటుగా ఎంచిన పలుకు అది.

విలియం లబోవ్ అనే అమెరికన్ పండితుడు 1960లలో న్యూయార్క్ దుకాణాల్లో అమ్మకందారుల 'ర' ఉచ్చారణను గమనించి, వర్గాన్ని బట్టి, సందర్భాన్ని బట్టి ఉచ్చారణ ఎలా మారుతుందో లెక్కలతో చూపారు. ఈ రోజు జనం మధ్య మార్పును నడిపించే కారణాలే నిన్న కూడా నడిపించి ఉంటాయన్నది ఈ శాస్త్రానికి పునాది. కాని నిన్నటివారిని పలకరించి అడగలేము. కాలానికి మిగిలిన అరకొర సాక్ష్యాన్ని సాధ్యమైనంత బాగా వాడుకోవడమే చరిత్ర పరిశోధకుడి విద్య అని లబోవ్ అన్నారు. మరి ఆ అరకొర కూడా మిగలకపోతే?

శాసనాల విలువను నేను తక్కువ చేయడం లేదు. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలోని వందల శాసనాలు మన ప్రాంతానికి గర్వకారణం. అయితే వాటిలో దానం చేసిన ప్రభువు, అధికారి, వర్తకుడు ఉంటారు. దీపానికి ఇచ్చిన ఆవులను కాసిన మనిషి ఇంట్లో ఏమి మాట్లాడేవాడో ఉండదు. సామాన్యుల ఉత్తరాల విలువను బ్రౌన్ దొర ఏనాడో గుర్తించి, తెలుగు నేర్చుకునేవారి కోసం 1852లో అచ్చువేసిన పాఠ్యగ్రంథంలో సొంత ఉత్తరాలు, వ్యాపారపు ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ కాగితాలు చేర్చారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తి పదకోశం రైతుల, నేతగాళ్ళ మాటలను ఊరూరా తిరిగి పోగుచేసింది. అది ఆనాటి మాటల ఛాయాచిత్రం. ఒకే ఇంట్లో ముప్పై ఏళ్ళ పాటు రాసుకున్న ఉత్తరాలు మాత్రమే మాట కదలికను చూపగలవు.

ఆ ఉత్తరాలు మన ఇళ్ళలో ఉన్నాయి, కాని రోజురోజుకూ తగ్గిపోతున్నాయి. చూరుకు వేలాడే ఇనప తీగకు గుచ్చిన కార్డులు, ట్రంకు పెట్టె అడుగున పట్టుచీర కింద దాచిన నీలిరంగు ఇన్‌లాండ్ కవర్లు మా తరంవారందరికీ తెలుసు. 1986 గోదావరి వరదలో లంక గ్రామాల్లో తడిసి పోయినవి ఎన్నో, 1996 నవంబరు తుపానులో పెంకుటిళ్ళతోపాటు పోయినవి ఎన్నో. మిగిలినవాటిని ఇప్పుడు డాబా కట్టుకునేటప్పుడు పాత సామానుతో కలిపి పారవేస్తున్నారు, పెద్దవాళ్ళు పోయిన తరువాత కాల్చేస్తున్నారు. కొందరు తప్పులు బయటపడతాయని సిగ్గుపడి చించేస్తున్నారు. ఈ చివరి మాట నాకు స్వయంగా తెలుసు కాబట్టే వ్యాసకర్త మాటలు నన్ను అంత కలచివేశాయి.

అందువల్ల మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. పాత ఉత్తరాలు ఉన్నవారు వాటిలో ఒక్క అక్షరం కూడా దిద్దకుండా, చిరిగినచోట టేపు అంటించకుండా, పొడిగుడ్డలో చుట్టి తేమ తగలని చోట ఉంచాలి. రాసినవారి వయస్సు, ఊరు, చదువు, చేసిన పని, రాసిన సంవత్సరం, ఎవరికి రాశారు, సొంతంగా రాశారా వేరొకరి చేత రాయించారా అన్న వివరాలు తెలిసినంతవరకు విడి కాగితం మీద రాసి జతచేయాలి. ఈ వివరాలు లేకపోతే ఉత్తరం సగం మూగబోతుంది. ఇంటి గుట్టు బయటపడుతుందని భయపడేవారు పేర్లు కప్పి నకలు ఇవ్వవచ్చు. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉంది, బొమ్మూరులో తెలుగు విశ్వవిద్యాలయం సాహిత్య పీఠం ఉంది. వారిలో ఎవరైనా ఇటువంటి ఉత్తరాలకు ఒక బీరువా కేటాయిస్తే, మీరు ఆ సంగతి ఒక్క ప్రకటనగా వేస్తే, గోదావరి జిల్లాల నుంచి జనం తెచ్చి ఇస్తారని నాకు నమ్మకం ఉంది.

కువైట్ నుంచి సొంతంగా రాసిన ఆమె ఇప్పుడు తిరిగి వచ్చి మా ఊళ్ళోనే ఉంటున్నారు. తల్లి దాచిన ఉత్తరాలు నలభై ఒకటి ఆమె దగ్గర ఉన్నాయి. పోయిన వారం మా మేనకోడలితో కలిసి వెళ్ళి అడిగితే, మొదట "తప్పులండీ అన్నీ, ఎవరికీ సూపించకండి" అన్నారు. తరువాత ఒక్కొక్కటే తీసి, ఏది ఏ సంవత్సరానిదో, అప్పుడు ఏ ఇంట్లో పనిచేశారో చెబుతూ ఉంటే మా మేనకోడలు రాసుకుంది. పదిహేడు అయ్యాయి. మిగిలినవి వచ్చే ఆదివారం.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్రాంచి పోస్ట్‌మాస్టరు,
కోనసీమ